నిప్పు లేని పొగ



నిప్పు లేనిదే పొగ రాదు అంటారు పెద్దలు. పొయ్యి దగ్గర కూర్చునే మనకు ఆ మాట ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ ఇప్పుడు నిప్పు లేకుండానే పొగలాంటిది వదిలే వస్తువు వచ్చింది. దానికి అగ్గిపుల్ల అక్కర్లేదు. బూడిద రాలదు. బీడీ కంపు రాదు. మామిడిపండు వాసనో, పుదీనా వాసనో వస్తుంది.

దాని పేరు ఈ-సిగరెట్. కుర్రవాళ్లు దాన్ని వేప్ అంటారు.

చూడటానికి అది ఒక్కోసారి రాసుకునే పెన్నులా ఉంటుంది. ఒక్కోసారి రంగురంగుల చిన్న డబ్బీలా ఉంటుంది. జేబులో ఉంటే అదేమిటో తెలియదు. కొడుకు చొక్కా ఉతికేటప్పుడు మన చేతికి తగిలినా, పెన్నే అనుకుని గూట్లో పెడతాం.

ఈ పాఠంలో మూడు సంగతులు తెలుసుకుందాం. ఆ వస్తువులో ఏముంది? బండి నడుపుతూ దాన్ని పీలిస్తే ఏమవుతుంది? చట్టం ఏమంటుంది?

1. లోపల ఏముంది?

మన ఇళ్లలో దోమల మందు ప్లగ్గు ఉంటుంది కదా. చిన్న సీసాలో మందు ఉంటుంది. కరెంటు పెడితే వేడెక్కి, మందు ఆవిరై గదిలోకి వస్తుంది. ఈ-సిగరెట్ పని చేసే తీరు కూడా అలాంటిదే.

దానిలో మూడు భాగాలు ఉంటాయి.

ఒకటి, బ్యాటరీ. సెల్‌ఫోన్‌లో ఉండే రకం బ్యాటరీయే.

రెండు, సన్నని తీగ చుట్ట. బ్యాటరీ నుంచి కరెంటు రాగానే ఈ తీగ వేడెక్కుతుంది.

మూడు, ద్రవం. దీనిలో చాలావరకు నికోటిన్ కలుపుతారు. వాసన కోసం రకరకాల రసాయనాలు కలుపుతారు.

నోట్లో పెట్టుకుని పీల్చగానే తీగ వేడెక్కుతుంది. ద్రవం ఆవిరిలా మారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మిగిలింది తెల్లటి మబ్బులా బయటికి వస్తుంది. చూసేవాళ్లు ఉత్త నీటి ఆవిరి అనుకుంటారు. అది నీటి ఆవిరి కాదు. దానిలో నికోటిన్ ఉంటుంది. కంటికి కనిపించనంత సన్నని నలుసులు ఉంటాయి. ద్రవం బాగా వేడెక్కినప్పుడు పుట్టే విషపు పదార్థాలు కూడా ఉంటాయి.

ఇప్పుడు వాడే ఈ-సిగరెట్‌ను 2003లో చైనాలో హోన్ లిక్ అనే మందుల నిపుణుడు తయారుచేశాడు. సిగరెట్ మానాలనుకునేవాళ్ల కోసమని దాన్ని అమ్మడం మొదలుపెట్టారు. కానీ ఎన్నడూ సిగరెట్ ముట్టని పిల్లలకు కూడా అది అలవాటైపోయింది. పండ్ల వాసన, మిఠాయి వాసన కలిపింది ఎవరిని ఆకర్షించడానికో మీరే ఆలోచించండి.

2. నికోటిన్ మనకు కొత్త కాదు

నికోటిన్ అనే పేరు కొత్తగా ఉండొచ్చు. ఆ విషం మనకు కొత్త కాదు. అది పొగాకులోనే ఉంది.

ప్రకాశం, గుంటూరు వైపు పొగాకు చేలల్లో పని చేసే అక్కచెల్లెళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. మంచు తడి ఆరకముందే ఆకు కొడితే తల తిరుగుతుంది. కడుపులో తిప్పుతుంది. వాంతులవుతాయి. ఎందుకని? తడి ఆకులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది. చర్మం మీద పడితేనే ఇంత చేసేది, ఊపిరితిత్తుల్లోకి పోతే ఏం చేస్తుంది?

శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు కొందరు ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారు. చుట్ట నిప్పు కొసను నోటి లోపల పెట్టుకుంటారు. దానివల్ల అంగిట్లో పుండ్లు పడి, క్యాన్సర్ దాకా పోయిన వాళ్లున్నారు. "మా అమ్మ తాగింది, మా అమ్మమ్మ తాగింది" అంటారు. మానుదామంటే మానలేరు. మాననివ్వనిది నికోటినే.

నికోటిన్ చేసే చెడు ఇది:

- అలవాటు చేసి వదలకుండా పట్టుకుంటుంది.
- గుండె వేగం పెంచుతుంది. రక్తపోటు పెంచుతుంది.
- గర్భిణీ ఒంట్లోకి పోతే కడుపులో బిడ్డకు హాని చేస్తుంది.
- ఎదిగే పిల్లల మెదడుకు హాని చేస్తుంది. చదువు మీద ధ్యాస నిలవదు.

అమెరికాలో 2019లో ఇలాంటివి పీల్చినవాళ్లకు ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. 2020 ఫిబ్రవరి నాటికి 2,800 మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. 68 మంది చనిపోయారు. చాలామంది వాడిన ద్రవంలో గంజాయి మత్తు సరుకు, విటమిన్-ఇకి చెందిన ఒక నూనె కలిసి ఉన్నాయని డాక్టర్లు తేల్చారు. పెట్టె మీద ఏం రాసి ఉన్నా, దొంగచాటున అమ్మే సరుకులో ఏం కలిపారో కొన్నవాడికి తెలియదు.

3. సంఘం మీటింగులో

ఒక ఊళ్లో పొదుపు సంఘం మీటింగు జరుగుతోంది. నెల వాయిదాలు కట్టడం అయింది. నర్సమ్మ కూడా వచ్చి కూర్చుంది. అప్పుడు నాగమణి మాట ఎత్తింది.

నాగమణి: ఆదెమ్మొదినా, ఒక మాట చెప్తాను. తప్పుగా అనుకోకు. నిన్న పొద్దున పిల్లల్ని బడికి పంపించడానికి ఆటో దగ్గరికి వెళ్లాను. మీ రమణ ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకున్నాడు. ఇంకో చేత్తో ఏదో నోట్లో పెట్టుకుని పీలుస్తున్నాడు. గుప్పున తెల్లటి పొగ. వెనక మా చిన్నది ఒకటే దగ్గు.

ఆదెమ్మ: మావాడు బీడీ ముట్టడమ్మా. మానేసి ఆర్నెల్లయింది. నా మీద ఒట్టేశాడు.

నాగమణి: బీడీ కాదొదినా. ఏదో వేప్ అంట.

సుబ్బమ్మ: వేపా? వేప మంచిదేగా! నేను రోజూ వేపపుల్లతోనే పళ్లు తోముకుంటాను.

అందరూ నవ్వారు. ఆదెమ్మ నవ్వలేదు.

ఆదెమ్మ: అయితే వాడి జేబులో ఉన్నది పెన్ను కాదా? సంతకం పెట్టడానికి కొనుక్కున్నాడని మురిసిపోయాను.

అప్పుడే రమణ ఆటో వచ్చి ఆగింది. తల్లిని ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చాడు.

నర్సమ్మ: రా బాబూ, కూర్చో. నీ గురించే అనుకుంటున్నాం. బండి నడుపుతూ అది పీలుస్తున్నావంట?

రమణ: రోడ్డు మీదే చూస్తుంటానమ్మా. ఒక్క క్షణం పని. బీడీ కన్నా మంచిదన్నారు.

నర్సమ్మ: ఒక్క క్షణమా? సరే, లెక్క చూద్దాం. జేబులోంచి తియ్యాలి. మీట నొక్కాలి. నోట్లో పెట్టుకోవాలి. పీల్చాలి. మళ్లీ జేబులో పెట్టాలి. దీనికి ఎంతసేపు పడుతుంది?

రమణ: మూడు సెకన్లు పట్టుద్దేమో.

నర్సమ్మ: బండి ఎంత స్పీడులో పోతుంది?

రమణ: ఖాళీ రోడ్డయితే నలభై.

నర్సమ్మ: నలభై కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 11 మీటర్లు పోతుంది. మూడు సెకన్లలో 33 మీటర్లు. సుబ్బమ్మా, నీ చీర ఎంత పొడవు?

సుబ్బమ్మ: అయిదున్నర మీటర్లు.

నర్సమ్మ: అయితే ఆరు చీరలు కొసకు కొస కలిపి రోడ్డు మీద పరుద్దాం. అయిదున్నర ఆర్లు ముప్ఫైమూడు. ఆ ఆరు చీరల పొడవునా నీ బండి ఒంటి చేత్తో పోతోంది బాబూ. ఆ మధ్యలో ఒక గేదె అడ్డం వస్తే? ఒక పిల్లవాడు బంతి కోసం పరుగెత్తి వస్తే?

రమణ మాట్లాడలేదు.

నాగమణి: ఆటోలో ఎనిమిదిమంది పిల్లలున్నార్రా నాయనా. అందులో ఇద్దరు నా పిల్లలు.

ఆదెమ్మ: ఒరేయ్, ఆ ఆటో అప్పు ఎవరిచ్చారు? ఈ సంఘం పూచీ మీదే కదా బ్యాంకువాళ్లు ఇచ్చింది. రేపు పోలీసులు లైసెన్సు తీసుకుంటే వాయిదా ఎవరు కడతారు? నేను కూలికెళ్లి కట్టాలా?

రమణ తల వంచుకున్నాడు. కాసేపటికి అన్నాడు.

రమణ: మానాలనే ఉందమ్మా. పొద్దున లేచేసరికి చెయ్యి దానిమీదికే పోతోంది. లేకపోతే తల పగిలిపోతోంది.

సుబ్బమ్మ: నిజం చెప్పాడు. నేను చుట్ట మానినప్పుడూ అంతే. నాలుగురోజులు ఇంట్లో అందరినీ తిట్టాను.

నర్సమ్మ: అది జబ్బులాంటిదే రమణా. సిగ్గుపడే పనిలేదు. మందుంది, సలహా చెప్పేవాళ్లున్నారు. రేపు ఆసుపత్రికి రా. పిల్లల సంఖ్య కూడా తగ్గించు. ఆ ఆటోకి ఎనిమిదిమంది ఎక్కువ.

ఆ రోజు సంఘం ఒక మాట అనుకుంది. రమణ బతుకుతెరువు పోకూడదు. పిల్లల ప్రాణాలకూ ముప్పు రాకూడదు. ఆటోలో ఏ పొగా ఉండకూడదు. వారానికి ఒక తల్లి పిల్లలతో పాటు ఆటోలో వెళ్లి చూసి రావాలి. పిల్లల సంఖ్య తగ్గితే రాబడి తగ్గుతుంది కాబట్టి తల్లులు నెలకు కొంచెం ఎక్కువ ఇవ్వాలి. ఈ చివరి మాట దగ్గర చాలాసేపు వాదన జరిగింది. చివరికి అందరూ ఒప్పుకున్నారు.

4. బండిలో ఎందుకు ఎక్కువ ప్రమాదం?

బండి నడిపేవాడికి మూడు కావాలి. కళ్లు రోడ్డు మీద ఉండాలి. రెండు చేతులూ బండి మీద ఉండాలి. మనసు పని మీద ఉండాలి. బీడీ అయినా, సిగరెట్ అయినా, వేప్ అయినా ఈ మూడింటినీ చెడగొడుతుంది.

చెయ్యి: ఒక చెయ్యి ఖాళీ ఉండదు. గుంత వస్తే బండి అదుపు తప్పుతుంది.

చూపు: వేప్ వదిలే మబ్బు చిక్కగా ఉంటుంది. కారు అద్దాలు మూసి ఉంటే ఎదుటి అద్దం ముందు కమ్ముకుంటుంది. రాత్రి పూట ఎదురు లైట్ల వెలుగు ఆ మబ్బు మీద పడితే రోడ్డు ఇంకా మసకబారుతుంది.

మనసు: వస్తువు చేయి జారి కింద పడితే వెతుక్కోవడానికి తల వంచుతాడు. బీడీ నిప్పు తొడ మీద పడితే ఉలిక్కిపడతాడు. ప్రమాదానికి అంతే చాలు.

బ్యాటరీ: నాసిరకం బ్యాటరీ వేడెక్కి పేలవచ్చు. జేబులో తాళాలు, చిల్లర నాణేలతో కలిసి ఉంటే రాసుకుని మంట రావచ్చు. ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే ఇంకా ప్రమాదం. బండి నడిపేవాడి జేబులో అలాంటిది మండితే బండి ఎక్కడికి పోతుందో ఎవరూ చెప్పలేరు.

పక్కవాళ్లు: బండిలో కూర్చున్నవాళ్లు పారిపోవడానికి దారి ఉండదు. ఒకడు వదిలింది అందరూ పీల్చాలి. చంటిబిడ్డ అయినా, గర్భిణీ అయినా, ఉబ్బసం ఉన్న ముసలమ్మ అయినా పీల్చాలి.

5. చట్టం ఏమంటుంది?

ప్రశ్న: మన దేశంలో ఈ-సిగరెట్ అమ్మవచ్చా?

జవాబు: అమ్మకూడదు. 2019 సెప్టెంబరు 18న కేంద్ర ప్రభుత్వం దీన్ని నిషేధించింది. అదే ఏడు డిసెంబరులో పార్లమెంటు చేసిన చట్టం వచ్చింది. ఈ-సిగరెట్లు తయారు చేయకూడదు. బయటి దేశాల నుంచి తేకూడదు. అమ్మకూడదు. రవాణా చేయకూడదు. నిల్వ పెట్టకూడదు. ప్రకటనలు వేయకూడదు. ఇంటర్నెట్‌లో అమ్మినా నేరమే.

ప్రశ్న: శిక్ష ఎంత?

జవాబు: అమ్మినవాడికి మొదటిసారి ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మళ్లీ చేస్తే 3 ఏళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా. నిల్వ పెట్టినవాడికి 6 నెలల వరకు జైలు, లేదా 50 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

ప్రశ్న: పీల్చినవాడికో?

జవాబు: పీల్చడం నేరమని ఈ చట్టంలో విడిగా రాయలేదు. అంతమాత్రాన పీల్చవచ్చని కాదు. అమ్మడమే నేరమైన సరుకును ఎవరూ నిజాయితీగా కొనలేరు. నిల్వ పెట్టడం నేరం కాబట్టి దాన్ని ఇంట్లో, బండిలో దాచుకోవడం చిక్కు తెచ్చుకోవడమే.

ప్రశ్న: ఆటో, బస్సు, టాక్సీ నడిపేవాళ్లకు వేరే నియమం ఉందా?

జవాబు: ఉంది. 1989లో కేంద్ర మోటారు వాహనాల నియమాలు చేశారు. దానిలో 21వ నియమం చదవాల్సింది. జనాన్ని ఎక్కించుకునే బండి నడుపుతూ పొగ తాగితే డ్రైవరు లైసెన్సును రవాణా శాఖ అధికారి కొంతకాలం ఆపవచ్చు, లేదా రద్దు చేయవచ్చు. దానికి ముందు డ్రైవరు చెప్పుకునేది వింటారు.

ఆ నియమం రాసిననాటికి ఈ-సిగరెట్ పుట్టలేదు. అందుకని "మాది పొగ కాదు, ఆవిరి" అని ఎవరైనా వాదించవచ్చు. కానీ అదే నియమంలో ఇంకో మాట ఉంది. రవాణా బండి నడిపేవాడు ధ్యాస చెదిరే పని చేయకూడదు. ఆవిరి అయినా, పొగ అయినా ధ్యాస చెదురుతుంది కదా!

ప్రశ్న: సొంత కారు, సొంత మోటారు సైకిలు అయితే?

జవాబు: ప్రమాదకరంగా బండి నడిపితే మోటారు వాహనాల చట్టంలో 184వ సెక్షన్ ఉంది. ఆ చట్టాన్ని 2019లో సవరించారు. మొదటిసారి 1,000 నుంచి 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా 6 నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. బండి సొంతమైనా రోడ్డు అందరిదీ.

ప్రశ్న: బస్సులో ప్రయాణికుడు బీడీ తాగితే?

జవాబు: అదీ తప్పే. 2003లో చేసిన పొగాకు చట్టం ప్రకారం జనం తిరిగే చోట పొగ తాగకూడదు. బస్సు, ఆటో కూడా అలాంటి చోటే. 200 రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. 18 ఏళ్లు నిండని పిల్లలకు బీడీ, సిగరెట్ అమ్మకూడదు. బడికి వంద గజాల లోపల అసలు అమ్మకూడదు.

6. బయటి దేశాలకు పోయే మనవాళ్లు

మన ఇళ్ల నుంచి ఎందరో బయటి దేశాలకు పనికి, చదువుకు పోతున్నారు. ఒక్కో దేశంలో ఒక్కో చట్టం.

సింగపూరులో 2018 నుంచి ఈ-సిగరెట్ వాడినా, దగ్గర ఉంచుకున్నా నేరం. పెట్టెలో ఒకటి దొరికినా చిక్కే.

బ్రిటన్‌లో పెద్దవాళ్లకు అమ్ముతారు. బండి నడుపుతూ పీల్చకూడదని విడిగా చట్టం లేదు. కానీ ఆ మబ్బువల్ల గానీ, ధ్యాస చెదిరి గానీ బండి సరిగా నడపకపోతే పోలీసులు కేసు పెట్టవచ్చు. ఇంగ్లండులో 2015 అక్టోబరు 1 నుంచి, 18 ఏళ్ల లోపు పిల్లలున్న కారులో సిగరెట్ తాగితే జరిమానా. ఆ నియమం ఈ-సిగరెట్‌కు మాత్రం వర్తించదు.

మీ అబ్బాయి గానీ, మీ ఆడపడుచు గానీ ప్రయాణం కడుతుంటే ఈ మాట చెప్పి పంపండి. బయటి దేశం నుంచి వచ్చేవాళ్లు "ఒకటి తెచ్చాను" అంటే అదీ ఇక్కడ నేరమేనని చెప్పండి.

7. మనం ఏం చేయాలి?

ఇంట్లో

- కొడుకు జేబులో కొత్త వస్తువు కనిపిస్తే అడగండి. అరవకుండా అడగండి. అరిస్తే ఇంకోచోట దాస్తాడు.
- ఆ ద్రవం ఉన్న సీసా చిన్నపిల్లలకు అందకూడదు. పండ్ల వాసన చూసి తాగేస్తారు. కొద్దిగా మింగినా ప్రాణం మీదికి వస్తుంది. అలా జరిగితే వెంటనే 108కి ఫోన్ చేయండి. సీసా కూడా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

బండిలో

- డ్రైవరు పొగ తాగుతుంటే మర్యాదగా చెప్పండి. "అన్నా, పిల్లలున్నారు, ఆపు" అనండి. మీకు ఆ హక్కు ఉంది.
- వినకపోతే బండి నంబరు రాసుకోండి. ఇప్పుడు మీకు రాయడం వచ్చు! ప్రమాదంగా నడుపుతుంటే 112కి ఫోన్ చేయండి. ఆర్టీసీ బస్సు అయితే కండక్టరుకు చెప్పండి. డిపోలో రాసి ఇవ్వండి.
- పెట్రోలు బంకులో బీడీ, సిగరెట్, వేప్ ఏదీ వద్దు.

మానాలనుకునేవాళ్లకు

- మొదటి నాలుగైదు రోజులు కష్టం. చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. కొన్ని వారాల్లో తగ్గుతాయి. ఆ రోజుల్లో ఇంట్లోవాళ్లు ఓర్చుకోవాలి.
- పొగాకు మానడానికి సలహా ఇచ్చే ప్రభుత్వ ఫోన్ నంబరు: 1800 11 2356. ఈ నంబరుకు డబ్బు పడదు.
- ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరును అడగండి. ఒకసారి మాని మళ్లీ మొదలుపెట్టినవాడిని ఎగతాళి చేయకండి. మళ్లీ ప్రయత్నించమనండి. చాలామంది రెండో సారో, మూడో సారో మానగలుగుతారు.

8. అర్జీ ఎలా రాయాలి?

బడి ఆటోల గురించి ప్రధానోపాధ్యాయుడికి ఇలా రాయవచ్చు.

ప్రధానోపాధ్యాయుల వారికి,

నమస్కారం. మా పిల్లలు రోజూ ఆటోలో బడికి వస్తున్నారు. కొందరు డ్రైవర్లు బండి నడుపుతూ పొగ తాగుతున్నారు. పిల్లలను ఎక్కువమందిని ఎక్కిస్తున్నారు. దీనివల్ల ప్రమాదం జరుగుతుందని మాకు భయంగా ఉంది. డ్రైవర్లను, తల్లిదండ్రులను ఒకరోజు బడికి పిలిపించి మాట్లాడాలని కోరుతున్నాం. బడి దగ్గర బీడీ, సిగరెట్లు అమ్మకుండా చూడాలని కూడా కోరుతున్నాం.

ఇట్లు,
పిల్లల తల్లులు
(సంతకాలు)

వేలిముద్ర వేయకండి. సంతకం పెట్టండి.

కొత్త మాటలు

నికోటిన్: పొగాకులో ఉండే విషం. అలవాటు చేసే గుణం ఉంది.
ద్రవం: నీళ్లలా పారేది.
నిషేధం: వద్దని చట్టం ఆపడం.
జరిమానా: తప్పు చేసినందుకు కట్టే డబ్బు.
ధ్యాస: పని మీద మనసు.
అర్జీ: కోరిక తెలుపుతూ రాసే కాగితం.

ఖాళీలు పూరించండి

1. మన దేశంలో ఈ-సిగరెట్లను ______ సంవత్సరంలో నిషేధించారు.
2. పొగాకులో ఉండే విషం పేరు ______.
3. బడికి ______ గజాల లోపల సిగరెట్లు అమ్మకూడదు.
4. ఆపద వస్తే అంబులెన్సు కోసం ______ నంబరుకు ఫోన్ చేయాలి.

లెక్క చేయండి

1. ఒక లారీ 60 కిలోమీటర్ల వేగంతో పోతోంది. అది ఒక సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. డ్రైవరు 2 సెకన్లు తల వంచితే లారీ ఎంత దూరం పోతుంది?
2. ఒక మనిషి రోజుకు 40 రూపాయలు పొగకు ఖర్చు పెడుతున్నాడు. నెలకు ఎంత? ఏడాదికి ఎంత? ఆ డబ్బుతో మీ ఇంట్లో ఏం కొనవచ్చు?

కలిసి మాట్లాడుకోండి

1. రమణ ఆటోను ఆపించేయకుండా సంఘం వేరే దారి ఎందుకు వెతికింది? మీరైతే ఏం చేసేవారు?
2. నెలకు కొంచెం ఎక్కువ ఇవ్వాలన్నప్పుడు వాదన వచ్చింది. ఎవరి మాట న్యాయం?
3. మీ ఊళ్లో బడి పిల్లలు ఏ బండిలో వెళ్తున్నారు? ఒక బండిలో ఎంతమంది ఎక్కుతున్నారు? రేపు పొద్దున లెక్కపెట్టి నోటు పుస్తకంలో రాయండి.